కారు అమ్మేశాక మిగిలిన ఇన్సూరెన్స్ డబ్బు ఎవరిది?

సంపాదకుల గారికి,
నమస్కారం.

మా కారు ఎంతకు పోతుందో తెలుసుకుందామని మీ పేపర్లో ఆదివారం వచ్చే పాత కార్ల ప్రకటనలు రెండు నెలలపాటు వదలకుండా చదివాను. మోడల్, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, టైర్లు ఎలా ఉన్నాయి, అన్నీ రాస్తారు. చివర్న "ఇన్సూరెన్స్ ఉంది" అని రెండు మాటలు వేసి వదిలేస్తారు. ఆ రెండు మాటల్లో అమ్మేవాళ్ళ డబ్బు కొంత ఉంటుందని, అడిగితే అది వెనక్కి వస్తుందని మొన్న సెప్టెంబరు దాకా నాకూ తెలీదు. తెలిశాక కూడా దాన్ని రాబట్టుకోవడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేసుకోండి.

మాది మధురవాడ. ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింట్ నడుపుతున్నాను. 2013లో కొత్త కారు కొన్నాం. లోను నా పేరు మీద తీసుకున్నాం కాబట్టి బండి కూడా నా పేరు మీదే. పెళ్ళిళ్ళకీ తిరుపతికీ తిరిగిన దానికన్నా రైతు బజారుకు తిరిగిందే ఎక్కువ. వెనక సీటు మడిచేసి ఉల్లిపాయల బస్తాలు, నూనె డబ్బాలు వేసుకొచ్చేవాళ్ళం. ఎంత కడిగినా డిక్కీలో చింతపండు వాసన పోలేదు. సముద్రపు గాలికి నాలుగు తలుపులూ కింది అంచున తుప్పు పట్టేశాయి. మా వారికి కళ్ళ ఆపరేషన్ అయ్యాక రాత్రిపూట ఎదురు లైట్లు పడితే నడపలేకపోతున్నారు. నాకు డ్రైవింగ్ రాదు. ఇక అమ్మేద్దాం అనుకున్నాం.

ఇన్సూరెన్స్ అంటే దండగ అనుకునే మనిషిని కాదు నేను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు పక్కింటి రేకు ఎగిరొచ్చి మా కారు ముందు అద్దం మీద పడింది. అద్దం పొడిపొడి అయిపోయింది, బానెట్ సొట్టపోయింది. అప్పటికి కారు కొని ఏడాదిన్నర కూడా కాలేదు. ఊళ్ళో కరెంటు లేదు, నీళ్ళు లేవు, అంత గొడవలోనూ సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకెళ్ళారు, డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఒక్క క్లెయిమ్ కూడా చెయ్యలేదు. అందుకని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20 నుంచి మొదలై 25, 35, 45 దాటి ఆఖరికి 50 శాతానికి చేరి అక్కడే ఉంది. అంతకన్నా పెరగదట.

2025 జూన్ 18న పాలసీ రెన్యువల్ చేయించాను. మా బండి 1,000 సీసీ దాటి 1,500 లోపు కాబట్టి థర్డ్ పార్టీకి, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి నష్టం జరిగితే ఇచ్చే దానికి, 3,416 రూపాయలు. ఇది ప్రభుత్వం పెట్టిన రేటు, ఏ కంపెనీలో అయినా ఇంతే. మన బండి దెబ్బతింటే ఇచ్చే ఓన్ డ్యామేజి, మిగతావీ కలిపి, బోనస్ తగ్గించాక, 3,084. మొత్తం 6,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,170. వెరసి 7,670 కట్టాను. అప్పటికి అమ్మే ఆలోచనే లేదు.

ఆగస్టు 31న బేరం కుదిరింది. కొన్నది పెందుర్తి అబ్బాయి, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. వాళ్ళ బావ ఇన్సూరెన్స్ ఏజెంటు, పాలసీ ఆయన దగ్గరే తీసుకుంటానన్నాడు. నా పాలసీ నీ పేరుకి మార్చుకో బాబూ అని అడిగాను. చట్టంలో ఆ వీలుంది. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవరు బండితోపాటే కొన్నవాళ్ళకి వెళ్తుంది. వాళ్ళు 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలి. కానీ నా బోనస్ అతనికి రాదు. మిగిలిన రోజులకి ఆ తేడా అతనే కట్టాలి. బోనస్ మనిషిది, బండిది కాదు. అతను లెక్క చూసుకుని "వద్దు పిన్నిగారూ, కొత్తదే తీసుకుంటాను" అన్నాడు. అతని డబ్బు అతని ఇష్టం. మరి నా డబ్బు?

డబ్బు చేతిలో పడిన మర్నాడే పాలసీ రద్దు చేయించేద్దాం అన్నారు మా వారు. అలా చెయ్యకపోవడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది. మా వీధిలో ఒక లాయరు మేడం ఉన్నారు, రోజూ మా దగ్గరే కూర పట్టుకెళ్తారు. డబ్బాలో గుత్తివంకాయ పెడుతూ మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆవిడ డబ్బా అక్కడే పెట్టేసి "ఆర్‌సీ అతని పేరు మీదకి మారేదాకా పాలసీ జోలికి వెళ్ళొద్దు" అన్నారు. అమ్మినట్టు కాగితం ఉన్నా, డబ్బు చేతికొచ్చినా, ఆర్‌టీవో రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఈలోగా ఆ అబ్బాయి ఎవరినైనా గుద్దితే, బండికి ఇన్సూరెన్స్ లేకపోతే, నష్టపరిహారం నా మెడకి చుట్టుకునేది. ఆ మాట విన్నాక ఆర్‌సీ మారేదాకా నాకు నిద్ర లేదు. మూడు రోజులకొకసారి ఆ అబ్బాయికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. "ఫారం 29, ఫారం 30 పెట్టేశాను పిన్నిగారూ, టెన్షన్ పడకండి" అనేవాడు. సంతకాలు పెట్టేసి చేతులు దులుపుకునే వాళ్ళందరికీ ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పాలని ఉంది. బండి వాకిట్లోంచి వెళ్ళిపోయినంత మాత్రాన మన పేరు దాని మీద నుంచి వెళ్ళిపోదు.

సెప్టెంబరు 22న ఆర్‌సీ అతని పేరుకి మారింది. నన్ను అడిగి ఫొటో తీసి పంపించాడు. మర్నాడు మధ్యాహ్నం కూరలు అయిపోగానే గిన్నెలు పనావిడకి అప్పజెప్పి, బస్సెక్కి, కాంప్లెక్స్ దగ్గర దిగి, ద్వారకానగర్‌లో ఆ కంపెనీ బ్రాంచికి వెళ్ళాను. కంపెనీ పేరు రాయను, గొడవ ఆ ఒక్క కంపెనీతోనే కాదు. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, మోటార్ పాలసీకి రిఫండ్ ఉండదు. కావాలంటే కొన్నవాళ్ళ పేరుకి మారుస్తాం" అన్నాడు. ఎందుకుండదు బాబూ అంటే "థర్డ్ పార్టీ కంపల్సరీ కదండీ" అన్నాడు. బయటికొచ్చి మా ఏజెంటుకి ఫోన్ చేశాను. మా వీధివాడే, నన్ను అక్కా అంటాడు. "ఆ నాలుగు డబ్బుల కోసం ఎందుకక్కా తిరగడం, వదిలెయ్" అన్నాడు. ఆ మాట నాకు బాగా తగిలింది. రెన్యువల్ డబ్బు కట్టించుకునేటప్పుడు అవి నాలుగు డబ్బులని ఎవరూ అనలేదు.

థర్డ్ పార్టీ తప్పనిసరి అన్నది నిజమే, దాని మీద నాకే తగాదా లేదు. ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కితే మొదటిసారి 2,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ కవరు లేని బండి గుద్దితే దెబ్బ తిన్నవాడి కుటుంబం ఏమైపోవాలి? కాబట్టి బండికి ఇంకో పాలసీ ఉందని చూపిస్తేనే నాది రద్దు చెయ్యాలనడం న్యాయమే. అయితే కౌంటర్లో అబ్బాయి ఆ మాట చెప్పాలి కదా. "కొన్నవాళ్ళ కొత్త పాలసీ కాపీ తెండి, రద్దు చేస్తాం" అంటే ఒక్క వాక్యంతో పోయేది. ఉండదు అని పంపించేశాడు. నాలాంటి వాళ్ళలో ఎంతమంది ఆ మాట విని మళ్ళీ బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు?

మా అన్నయ్య కూతురు ఆంధ్రా యూనివర్సిటీలో ఎంకాం చదువుతోంది. అదే ఫోన్‌లో వెతికి "అత్తా, ఇది చూడు" అని ఐఆర్‌డీఏఐ కాగితం ఒకటి చూపించింది. ఇన్సూరెన్స్ కంపెనీలన్నిటినీ అదుపులో పెట్టే సంస్థ అది, ఉన్నది హైదరాబాద్‌లోనే. 2024 జూన్ 11న సాధారణ బీమా వ్యాపారం మీద ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్. అందులో ఉన్నది మేనకోడలే చదివి తెలుగులో చెప్పింది. మనలాంటి మామూలు పాలసీదారు పాలసీని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. పాలసీ కాలం ఏడాదికి మించకపోతే, ఆ కాలంలో క్లెయిమ్ చెయ్యకపోతే, మిగిలిన కాలానికి ఎంతవుతుందో అంత ప్రీమియం కంపెనీ వెనక్కివ్వాలి. మళ్ళీ చదివించుకున్నాను. కొత్త పాలసీ కాపీ మాట దానికి ముందే లాయరు మేడం చెప్పారు కాబట్టి పెందుర్తి అబ్బాయికి ఫోన్ చేసి అది తెప్పించుకున్నాను.

సెప్టెంబరు 30న మళ్ళీ వెళ్ళాను. ఈసారి నోటితో అడగలేదు. రద్దు చెయ్యమని తెల్లకాగితం మీద రాసి, కొత్త పేరుతో ఉన్న ఆర్‌సీ కాపీ, అతని పాలసీ కాపీ, నా పాలసీ, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి ఇచ్చాను. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేసి ఇవ్వమన్నాను. ముద్ర ఎందుకు మేడం అన్నారు. ముద్ర వేసేదాకా కుర్చీలోంచి లేవలేదు. రద్దు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది మరి, ఆలస్యమైన ప్రతి రోజూ నా డబ్బులోంచే పోతుంది.

అప్పుడు లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చారు. డ్రాయరు లాగి ఒక పట్టిక తీశారు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసీ తీసీ అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, మూలన పిన్ను కొట్టిన చోట కాగితం చిరిగింది. పెన్ను మూతతో ఒక్కో వరసా దిగుతూ వచ్చారు. నెల లోపు అయితే కంపెనీకి 20 శాతం. రెండు నెలల లోపు 30. మూడు లోపు 40. నాలుగు లోపు 50. అక్కడ పెన్ను ఆగింది. "మీరు మూడు నెలలు దాటారమ్మా. సగం కంపెనీది, సగం మీది. 3,835 వస్తాయి" అన్నారు. పెన్ను ఆగిన చోటు నుంచి కిందికి నేను చదివాను. ఎనిమిది నెలలు దాటితే మొత్తం కంపెనీకే. అంటే ఇంకా నాలుగు నెలల కవరు మిగిలి ఉన్నా రూపాయి రాదు. ఇది అన్ని కంపెనీలకీ ఒకే రేట్లు ఉన్న పాత టారిఫ్ రోజుల నాటి పట్టిక అని తర్వాత తెలిసింది.

నేను పెద్ద చదువులు చదవలేదు. కానీ రోజూ కిలో వంకాయలు ఎన్ని డబ్బాలవుతాయో లెక్కేసుకుని బతికేదాన్ని. పాస్‌బుక్ వెనక అట్ట మీద అక్కడే రాశాను. 7,670ని 365తో భాగిస్తే రోజుకు 21 రూపాయలు. జూన్ 18 నుంచి సెప్టెంబరు 30 దాకా 105 రోజులు వాడుకున్నాను. మిగిలినవి 260. ఇరవై ఒకటి ఇంటూ 260, 5,460. ఆయన పట్టికకీ నా లెక్కకీ పదహారు వందలు పైన తేడా. గిన్నెలు కడిగే ఆవిడకి అది దాదాపు మూడు రోజుల కూలి. అట్ట ఆయన వైపు తిప్పి చూపించాను. "ఇది మా పద్ధతి కాదమ్మా" అన్నారు. కొత్త సర్క్యులర్ ఉందన్నాను. "అది మాకింకా రాలేదు" అన్నారు. అది వచ్చి అప్పటికి పదిహేను నెలలు.

మూడోసారి దసరా వెళ్ళాక, అక్టోబరు 9న. సర్క్యులర్‌లో ఆ పేజీ ప్రింటు తీయించి, ఆ పేరా కింద మేనకోడలి చేత పసుపురంగు గీత గీయించి పట్టుకెళ్ళాను. దాంతోపాటు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాసిన ఫిర్యాదు కాపీ కూడా. ఇక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసాలో పెడతాను, వాళ్ళ హెల్ప్‌లైన్ 155255కి ఫోన్ చేస్తాను, నెల దాటితే హైదరాబాద్‌లో బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాస్తాను అని నెమ్మదిగానే చెప్పాను. గొంతు పెంచలేదు. ఆ పెద్దాయన పేజీ తీసుకుని లోపలికెళ్ళి మేనేజరుతో పావుగంట మాట్లాడి వచ్చారు. "రోజుల లెక్కనే ఇస్తాం" అన్నారు. అక్టోబరు 24న నా ఖాతాలో 5,463 రూపాయలు పడ్డాయి, జీఎస్టీతో సహా. నా అట్ట మీది లెక్కకి మూడు రూపాయలు ఎక్కువే.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. బయటికొస్తుంటే వెనకనుంచి పిలిచి "బోనస్ లెటర్ తీసుకున్నారా అమ్మా" అని అడిగింది ఆయనే. అది నాకసలు తెలీదు. బండి అమ్మేశాక మన నో క్లెయిమ్ బోనస్‌కి కంపెనీ ఒక కాగితం ఇస్తుంది. మూడేళ్ళ లోపు మన పేరు మీద మళ్ళీ కారు కొంటే ఆ 50 శాతం దానికి వర్తిస్తుంది. కొత్త కారుకి ఓన్ డ్యామేజి 12,000 అయిందనుకోండి, 6,000 తగ్గుతుంది. నాకొచ్చిన రిఫండ్ కన్నా ఎక్కువ. ఆయన ఆ రోజు ఆ మాట అనకపోతే పదేళ్ళ జాగ్రత్త ఊరికే పోయేది. ఆ కాగితం ఇప్పుడు మా దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద ఉంది.

ఇంత మంచి మనిషి కూడా ఆ అలుక్కుపోయిన పట్టికనే ఎందుకు తీశారు? ఆయన డ్రాయర్లో ఉన్నది అదొక్కటే కాబట్టి. కొత్త నిబంధన హైదరాబాద్‌లో రాసి పదిహేను నెలలైనా ద్వారకానగర్ డ్రాయర్లోకి రాలేదు. నా బాధ అదే. నాకు మేనకోడలు ఉంది, లాయరు మేడం ఉన్నారు. గాజువాకలో ఆటో అమ్ముకునే ఆయనకి, భీమిలిలో కొడుకు స్కూటరు అమ్మేసే తల్లికి ఎవరున్నారు? వాళ్ళకి "ఉండదు" అన్న మాటే ఆఖరు మాట.

అందుకని కంపెనీల వాళ్ళని నేనడిగేది ఒక్కటే. పాలసీ ఇచ్చే ప్రతి బ్రాంచిలో, కట్టించుకునే కౌంటరు పక్కనే, తెలుగులో ఒక కాగితం అతికించండి. పాలసీ రద్దుకి ఏ కాగితాలు తేవాలి, క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజులకి ఎంత వస్తుంది, లెక్క ఎలా కడతారు, బోనస్ లెటర్ ఎవరినడగాలి, పని జరక్కపోతే ఎవరికి రాయాలి. రద్దు చేసిన ప్రతివాళ్ళకీ వాడిన రోజులు, మిగిలిన రోజులు, ఇచ్చే మొత్తం రాసిన చీటీ ఒకటి ఇవ్వండి. మా కర్రీ పాయింట్‌లో పావుకిలో పప్పుకి కూడా బోర్డు మీద రేటు రాసి ఉంటుంది.

అంబుడ్స్‌మన్ గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రం మొత్తానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, ఉత్తరం రాసినా చాలు అంటారు, నిజమే. కానీ ఇక్కడ చాలామందికి ఆ పేరే తెలీదు. విశాఖలో నెలకొక రోజైనా కూర్చుని మాట వింటే బాగుంటుంది. ఇంత పెద్ద ఊరు, ఇన్ని బండ్లు.

మా తోటికోడలు వచ్చే నెల స్కూటీ అమ్ముతోంది. ఆవిడ చేత ముందు ఆర్‌సీ మార్పించి, తర్వాత నేనే వెంటబెట్టుకుని ఆ బ్రాంచికే తీసుకెళ్తున్నాను. కౌంటరు పక్కన తెలుగు కాగితం పెట్టమని అక్టోబరు 27న మేనేజరుకి రాసిచ్చిన అర్జీ కాపీ కూడా పట్టుకెళ్తున్నాను, దాని మీద కూడా ముద్ర వేయించుకున్నాను. జవాబు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక కర్రీ పాయింట్ యజమానురాలు,
మధురవాడ, విశాఖపట్నం